అతుకు కనపడని నూలు

నేను నూలు మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఈ మాట ఎవరితో అన్నా, "అయితే వడకడం బాగా వచ్చన్నమాట" అంటారు. నేనూ అవునన్నట్టే తలాడించేదాన్ని. రాదని నాకు తెలిసింది మిల్లు మూసేస్తున్న నెలలో, అదీ మా పెద్దవాడి వయసున్న ఒక ఆఫీసరు నోట. ఆ రోజు అంటుకున్న మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మూసివేత పనులు చూడడానికి హెడ్డాఫీసు వాళ్ళు అతన్ని పంపారు. మనిషి మర్యాదస్తుడే. మమ్మల్నందరినీ మీరు అనేవాడు, కుర్చీ చూపించి కూర్చోమనేవాడు. మనిషికో సర్వీసు కాగితం తయారు చేయించాడు. ముందు చూసుకోండి, నెలాఖరున సంతకం పెట్టి తీసుకెళ్ళండి అన్నాడు. నా కాగితంలో ఏళ్ళు సరిగ్గానే వేశారు. కింద "పని" అన్న చోట "సహాయకురాలు" అని ఉంది. "నైపుణ్యం" అన్న చోట "లేదు" అని ఉంది.

ఆ "లేదు" అన్న ముక్క ఎంత పని చేస్తుందో మాకు తెలుసు. వంతెన అవతల కొత్తగా పెట్టిన మిల్లులో నైపుణ్యం ఉందని కాగితం చూపించిన వాళ్ళనే మిషన్ల మీదికి తీసుకుంటున్నారు. మిగతా వాళ్ళ చేతికి చీపురు ఇస్తున్నారు. చీపురు పట్టడం నాకు నామోషీ కాదు, ఇంట్లో రోజూ పట్టేదే. ఇరవై ఆరేళ్ళు అరిగిపోయేలా పనిచేశాక, నాకేమీ రాదని నా చేతే సంతకం పెట్టించుకోవడం ఏమిటి? పైగా ఇది నా ఒక్కదాని సంగతి కాదు. నూలు తీసే మిషన్లుండే మా రింగ్ ఖాతాలో ఉన్న అరవై రెండు మంది ఆడవాళ్ళకీ అదే ముక్క రాశారు. మగవాళ్ళు మేస్త్రీలు, ఫిట్టర్లు, వాళ్ళకి నైపుణ్యం ఉందట.

కాగితం పట్టుకుని తిన్నగా అతని గదికి వెళ్ళాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. ఇది తప్పు, మార్చండి అన్నాను. అతను విసుక్కోలేదు, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, వడికింది మిషను. మీరు పక్కన నిలబడ్డారు. కరెంటు తీసేస్తే ఒక్క గజం నూలు వడకగలరా మీరు?"

అతను చెప్పింది నిజం. మా పని తెగిన పోగు అతకడం. రింగ్ ఫ్రేమ్ అంటే వరసకి నాలుగు వందల కదుళ్ళు. ప్రతి కదురు మీదా ఒక పోగు చుట్టుకుంటూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. పరుగున వెళ్ళి, ఎడమ చేత్తో ఆ ఒక్క కదురూ ఆపి, బాబిన్ మీద కొస వెతికి పట్టుకుని, పైన రోలర్ల నుంచి దిగుతున్న దూదికి తాకించి వదలాలి. మూడు సెకన్లు. ముడి వేయకూడదు, ఉబ్బు కనపడకూడదు. ఒక్కోసారి ఈలోగానే ఇంకో రెండు తెగుతాయి. ఇరవై ఆరేళ్ళూ నేను చేసిందల్లా అదే.

"నెలాఖరుకి వడికి చూపిస్తాను. అప్పుడేం రాస్తారు?" అన్నాను.

"వడికితే, నూలు వడికే మనిషని రాస్తాను. నైపుణ్యం ఉందనే రాస్తాను" అని నవ్వాడు. మంచి నవ్వే కానీ, నాకు మాత్రం కారం రాసినట్టయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. ఆయన పుస్తకాలకి అట్టలు వేసే పని చేస్తాడు, గొడవంటే ఆమడ దూరం. ఎవరేం రాసుకుంటే మనకేం, సంతకం పెట్టేసి రా అన్నాడు. ఆయన మాట చెవిన వేసుకోలేదు. నా చూపు కిటికీ పక్కన కూర్చున్న మా అత్తగారి మీద ఉంది.

అత్తయ్య పదేళ్ళ వయసు నుంచి చేత్తో నూలు వడుకుతోంది. ఇప్పుడావిడకి డెబ్బై దాటాయి. వీధి చివర మగ్గం నేసే ముసలాయన ఆవిడ నూలుతో తువ్వాళ్ళు నేస్తాడు. నేను కాపురానికి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇద్దరం ఒకే వంటింట్లో తిరిగాం కానీ, అవసరానికి మించి మాట్లాడుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిల్లు నూలు ముట్టుకుంటే ఇనుము వాసన వేస్తుందని ఒకసారి మగ్గం ఆయనతో నేను వినేలా అంది. ఆ తర్వాత నేను ఆవిడ దూది సంచి వైపు తొంగి కూడా చూడలేదు. అలాంటిది, వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"నాకు వడకడం నేర్పండి అత్తయ్యా."

ఆవిడ తలెత్తలేదు. "మిల్లులో నేర్పలేదా?" అంది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. పళ్ళు బిగపట్టి, లేదన్నాను. ఆవిడ సంచి పక్కకి జరిపి చోటు చేసింది.

చేతి కదురు చూడడానికి ఏమీ లేదు. సన్నటి పుల్ల, అడుగున గుండ్రటి బిళ్ళ, పైన చిన్న కొక్కెం. ఏకు అంటే ఏకిన దూదిని వేలెడు లావున చుట్టిన చుట్ట. ఎడమ చేతిలో ఏకు పట్టుకుని, దాని కొస కొక్కేనికి తగిలించి, కుడి చేత్తో పుల్లని చిటికేసి తిప్పితే పురి పడుతుంది. అత్తయ్య చేసి చూపించింది. ఏముంది ఇందులో అనుకున్నాను. చిటికేసి తిప్పాను. ఏకు పట్టుకుని నిలబడ్డాను. కదురు తిరుగుతోంది. కొక్కెం దగ్గర ఉన్న ముక్కకే పురి మీద పురి పడి, మెలికలు తిరిగి, పుటుక్కున తెగి కదురు నేల మీద పడింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ నిలబడ్డాను, మళ్ళీ పడింది.

ఐదోసారి అత్తయ్య అడిగింది. "ఎవరి కోసం చూస్తున్నావు?"

అప్పుడు గానీ నాకు వెలగలేదు. నేను దూది వస్తుందని చూస్తున్నాను. మిల్లులో రోలర్లు దూదిని సాగదీసి, సన్నగా చేసి, మా కళ్ళ ముందుకి దించుతాయి. దాన్ని లాగే పని మా చేతులకి ఎప్పుడూ లేదు. ఇక్కడ లాగాల్సింది నేనే. ఇరవై ఆరేళ్ళు నూలు మధ్య బతికిన మనిషికి ఈ మాత్రం తెలియలేదా అని సిగ్గేసింది. ఆ సిగ్గుని మింగలేక, మీరు ముందే చెప్పొచ్చు కదా అని అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. దూది దానంతటది వస్తుందనుకునే మనిషిని ఇదే చూడడం అందావిడ.

లాగడం మొదలుపెడితే ఇంకో తంటా. పోగులో ఎక్కడ కాస్త లావు కనిపించినా నా చెయ్యి నన్నడక్కుండా దాన్ని తెంపి పారేసి, మళ్ళీ అతికేస్తోంది. మిల్లులో లావు పోగు మేస్త్రీ కంట పడితే తిట్లు, అందుకే చూసీ చూడగానే తెంపడం అలవాటు. అత్తయ్య నెత్తీ నోరూ కొట్టుకుంది. లావైతే ఇంకాస్త లాగి సన్నం చెయ్యాలి గానీ తెంపుతావేమిటి అంటుంది. వింటాను, తల ఊపుతాను, చెయ్యి తెంపుతుంది. వారం గడిచేసరికి నేను వడికింది రెండు బారలు, అందులో అతుకులు ముప్పై. ముప్పై అతుకులని పైకే విసుక్కుంటూ, ఆ నూలు చుట్టిన కండెని చెత్త బుట్టలోకి విసిరేశాను.

పైగా నేను కూర్చుని పనిచేయలేను. ఫ్రేముల మధ్య నడిచి నడిచి, కూర్చుంటే నా చేతులకి పని తోచదు. గదిలో ఆరడుగులు అటూ, ఆరడుగులు ఇటూ తిరుగుతూ వడికాను. నిలబడి వడికితే కదురు ఎత్తు నుంచి పడుతుంది, ఠంగుమంటుంది. మూడో రోజుకి కింద వాటాలో ఉండే దర్జీ మెట్లెక్కి వచ్చాడు. పైన చప్పుడైన ప్రతిసారీ తను ఉలిక్కిపడుతున్నాడనీ, సూది వేలికి దిగుతోందనీ మొర పెట్టుకున్నాడు. ఇంకో మూడు వారాలు తప్పదు, చెవుల్లో దూది పెట్టుకోండి, కావాలంటే మా ఇంట్లో బోలెడుంది అన్నాను. మా ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. అత్తయ్య మాత్రం నవ్వింది. ఆవిడ నా మాటకి నవ్వడం అదే మొదటిసారి. తర్వాత లేచి వెళ్ళి, పాత బొంత తెచ్చి నేల మీద పరిచింది.

రెండు వారాలయ్యాక మా ఆయన మళ్ళీ మెల్లగా ఆ మాట ఎత్తాడు. వయసు మీద పడుతోంది, నీకెందుకీ పట్టుదల అన్నాడు. మీరు అట్ట వేసిన పుస్తకం చూపించి, ఈ అట్ట వేసింది జిగురు, నువ్వు పక్కన కూర్చున్నావంతే అంటే ఏం చేస్తారు అని అడిగాను. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

మూడో వారంలో ఒక పొద్దున ఎడమ చెయ్యి మాట విన్నది. ఏకు నుంచి దూది ఒద్దికగా జారింది, నేను లాగుతున్నానన్న సంగతి కూడా మరిచిపోయాను. కదురు నడుము దాటింది, మోకాలు దాటింది, బొంత మీద ఆనింది. ఒక బారెడు పోగు, ఒక్క అతుకు లేకుండా. అరుద్దామనుకుని ఆగాను. చుట్టుకుని ఇంకో బారెడు తీశాను. మూడోది తెగింది. తెగినా ఫరవాలేదు, రెండు తీశాను కదా.

చూపిద్దామని అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ నన్ను చూడడం లేదు. ఆవిడ ఒళ్ళో నేను బుట్టలో పారేసిన కండె ఉంది. ఎప్పుడు తీసిందో ఏమో. వెలుతురులోకి జరిగి, ఆ పోగుని కొస నుంచి కొస దాకా వేళ్ళ మధ్య లాగుతోంది. తర్వాత పెదవికి ఆనించి లాగింది, కంటికి కనపడని ఉబ్బులు పెదవికి తెలుస్తాయి. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చింది.

"ముప్పై అతుకులు అన్నావు. నాకు ఒక్కటీ దొరకలేదు" అంది.

ఆవిడ తన కండె తీసి నా చేతిలో పెట్టింది. వేలితో తడిమితే తెలిసిపోతోంది, అతుకు ఉన్న ప్రతి చోటా బియ్యపు గింజంత ఉబ్బు. చూపు ఆనడం లేదనీ, మగ్గం ఆయన ఈ మధ్య గొణుగుతున్నాడనీ, ఉబ్బు ఉన్నచోటల్లా మగ్గం మీద తెగుతోందట అనీ చెప్పింది. ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదు, ఎందుకు చెబుతుంది. అప్పుడంది, సంచి సర్దుకుంటూ, నా మొహం చూడకుండా.

"నాకు నేర్పమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. అరవై ఏళ్ళు వడికిన మనిషి, ఏ పనిని పని కాదన్నారో ఆ పని నేర్పమంటోంది. ముక్కు తుడుచుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. కూర్చోవడం చేతకాదన్న సంగతి కూడా గుర్తు రాలేదు. ఆవిడ వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి, కొస పురి విప్పాలి, విప్పిన చోట దూది పలచగా పరుచుకోవాలి, ఏకు కొస దాని పక్కన పెట్టాలి, అదమకూడదు, పురి దానంతటది ఎక్కే దాకా ఆగి అప్పుడు వదలాలి అని చెప్పాను. చెప్పాననడం కంటే అరిచాననడం సరైన మాట. నీకు నేర్పడం రాదు, కొట్లాటకొచ్చినట్టుంటుంది అందావిడ. మిల్లులో అరవకపోతే వినపడదన్నాను. నాలుగు రోజులకి ఆవిడకి కుదిరింది, కళ్ళు మూసుకుని మరీ అతికి చూపించింది. ఆ నాలుగు రోజులూ నా మనసులో ఒకటే మాట తిరిగింది. ఇదే కదా నేను ఇరవై ఆరేళ్ళు చేసింది, ఇదే కదా వాళ్ళు "లేదు" అని రాసింది.

నెలాఖరు వచ్చింది. అరవై రెండు మందిమీ ఆఫీసు వరండాలో వరసలో నిలబడ్డాం. నా వెనక ఈలమ్మ. ఫ్రేముల హోరులో మాట వినపడక ఈలేసి పిలిచేది, అందుకని ఆ పేరు. నా ఎదురు ఫ్రేము ఆవిడది, ఇరవై ఏళ్ళు ఒకరి మొహం ఒకరం చూస్తూ పనిచేశాం. ఆవిడకి నా పందెం సంగతి తెలుసు. గెలిచి రా, నేనైతే చీపురు కొలతలు చూసుకుంటున్నాను అని నవ్వింది.

ఆఫీసరు నన్ను గుర్తుపట్టాడు. కదురు తీసి ఏకు తగిలించి, అతని బల్ల ముందే నిలబడి తిప్పాను. ఒక బార, రెండు, మూడు. పక్కనున్న గుమాస్తా రాయడం ఆపి చూశాడు. ఆఫీసరు పోగు వేలితో తాకి, బాగుందమ్మా అన్నాడు. అన్న మాట ప్రకారం కలం తీశాడు. "సహాయకురాలు" కొట్టేసి "నూలు వడికే మనిషి" అని రాశాడు, "లేదు" కొట్టేసి "ఉంది" అని రాశాడు. సంతకం పెట్టండని కాగితం నా వైపు తిప్పాడు.

నేను గెలిచాను. కొత్త మిల్లులో మిషను మీద చోటు ఖాయం. కలం అందుకున్నాను. వెనక ఈలమ్మ ఊపిరి వినపడుతోంది. ఆవిడకి గజం కాదు కదా, అంగుళం కూడా వడకడం రాదు. కానీ నేను మూడు అతికేలోగా నాలుగు అతికేది.

"ఇది కాదు సార్" అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు. నేనిక్కడ వడకలేదు, అతికాను, అతకడం నా పని అని రాయండి, దానికి నైపుణ్యం ఉందని రాయండి అన్నాను. అతను కుర్చీలో వెనక్కి వాలి, ఉన్నదున్నట్టు చెప్పాడు. మీ ఒక్కరికైతే రాయగలను, చూపించారు కాబట్టి. అతకడం నైపుణ్యమని రాస్తే అరవై రెండు కాగితాలూ మార్చాలి. అది ఎవరైనా చేసే పని కదమ్మా అన్నాడు.

నేను వడికిన పోగుని ఏకు దగ్గర పుటుక్కున తెంపాను. కదురు అతని కుడి చేతికిచ్చాను, ఏకు ఎడమ చేతిలో పెట్టాను.

"అతకండి. ముడి వేయకూడదు."

అతను మర్యాదస్తుడని చెప్పాను కదా, కాదనలేదు. కొసని దూదికి ఆనించి, వేళ్ళతో నలిపి వదిలాడు. కదురు కింద పడింది. గుమాస్తా వంగి తీసిచ్చాడు. రెండోసారి ఇంకా గట్టిగా నలిపాడు, పడింది. నాలుగోసారి గొంగళిపురుగంత లావున అతుక్కుంది, రెండు చుట్లు తిరిగి జారిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి, అయినా మళ్ళీ పట్టుకున్నాడు. వరసలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి తేలికయ్యేది.

"మా అత్తగారు అరవై ఏళ్ళ నుంచి వడుకుతోంది. ఆవిడ నా దగ్గర నేర్చుకుంది ఇది" అన్నాను. "మేం ఒక్కొక్కరం రోజుకి ఆరేడు వందలు అతికేవాళ్ళం, మిషను ఆపకుండా."

హెడ్డాఫీసుని అడగాలన్నాడు. అడగండి, మేం ఇక్కడే ఉంటాం అన్నాను. అతను ఫోను వైపు చూశాడు, వరస వైపు చూశాడు, తన వేళ్ళకి అంటుకున్న దూది వైపు చూశాడు. ఫోను ఎత్తలేదు. కలం అందుకున్నాడు.

"ఏమని రాయమంటారు?"

"తెగిన పోగు అతకడం. నైపుణ్యం ఉంది."

అలాంటి పని లిస్టులో లేదని గుమాస్తా గొణిగాడు. అయితే లిస్టులో చేర్చుకోండి అన్నాను. నేను పక్కకి తప్పుకుని ఈలమ్మని ముందుకి తోశాను. మొదటి కాగితం ఆవిడది. బల్ల పక్కనే నిలబడి, రాసిన ప్రతి కాగితమూ చదివాకే ముందుకి పంపాను. ఒకదాంట్లో "లేదు" కొట్టేయడం గుమాస్తా మరిచిపోయాడు, తిప్పి ఇచ్చాను. మధ్యాహ్నం దాటింది. అరవై ఒక్క మంది అయ్యాక నాది మిగిలింది.

నా కాగితంలో పొద్దున రాసినది అలాగే ఉంది. అతను దాని కింద "తెగిన పోగు అతకడం" అని కలిపి రాశాడు. అలిసిపోయాడు, అయినా మంచిగానే అన్నాడు, రెండూ ఉంచుతానమ్మా, రెండూ వచ్చు కదా మీకు, కొత్త చోట పనికొస్తుంది అని.

"నూలు వడకడం కొట్టేయండి సార్" అన్నాను. "అది మా అత్తయ్య నేర్పింది. దానికి మీ సంతకం అక్కర్లేదు."

అతను కొట్టేశాడు. నేను సంతకం పెట్టాను.